నేను ఎవరికీ తాతను కానని మనవి

పంపువారు:
డి. దండపాణి నాయుడు,
కొత్తకండ్రిగ గ్రామం, తిరుత్తణి మార్గం,
తిరువళ్ళూరు జిల్లా.

అందుకొనువారు:
సాంఘిక భద్రతా పథకం స్పెషల్ తహసీల్దారు గారి సముఖమునకు.

అయ్యా,

విషయం: వృద్ధాప్య పింఛను నిలిచిపోయినది – కారణముగా 'మనవరాలు కలదు' అని వ్రాసియున్నది – నాకు మనవరాలు లేదు – సరిచేయగోరి మనవి.

అరవం నాకు మాట్లాడేందుకు వచ్చును, వ్రాసేందుకు రాదు. మా ఊరి తెలుగు బడిలో ఐదు వరకు చదివినాను. తమ కచేరీలో తెలుగు చదవగలిగిన అమ్మ ఒకరు ఉన్నారని విని, తెలిసిన అక్షరాలలోనే ఈ అర్జీ వ్రాసుకొంటున్నాను. తప్పులు ఉంటే మన్నించవలెను.

1. నేనును నా భార్య మునెమ్మయును పై గ్రామములో కాపురమున్నాము. భూమి లేదు. సంతానము కలుగలేదు. కనుక మనవలు, మనవరాళ్ళు అను ప్రశ్న లేదు. పింఛను నా ఒక్కడి పేర వచ్చేది, దానితో ఇద్దరము గడుపుకొనేవారము. ఆడి (ఆషాఢ) మాసం నుండి అది రాలేదు. బ్యాంకు మిషను పట్టుకొని ఇంటింటికి వచ్చే అమ్మాయి నా వేలు పెట్టించి చూసి, ఏమీ పడలేదని చెప్పి పక్కింటికి వెళ్ళిపోయినది.

2. కచేరీకి వచ్చి అడిగితిని. కిటికీ దగ్గర ఉన్న అమ్మ కంప్యూటరులో చూసి చదివినారు. "ఆస్తి గల మనవరాలి ఆదరణలో ఉన్నారు, గ్రామ విచారణలో తేలినది" అని. ఇంకొకసారి చదవమంటిని. చదివినారు. వెనక జనం నిలబడి ఉన్నారు. ఇంటికి వచ్చేసినాను. మునెమ్మకు ఆఫీసులో ఏదో పొరపాటు జరిగినదని మాత్రం చెప్పితిని.

3. ఆ మనవరాలు ఎట్లు వచ్చినదో ఇప్పుడు మనవి చేసుకొంటున్నాను. నేను అరటాకులు కోసి, కట్టలు కట్టి, కల్యాణ మండపాలకు చేర్చే పని చేయుచున్నాను. పోయిన ఏడు తిరువళ్ళూరులో ఒక మండపం వంటశాలలో కట్ట దించుతుండగా నిత్య అను అమ్మాయి వచ్చినది. కనకాంబరం ఈవెంట్స్ అను కంపెనీలో ఉద్యోగము. పెళ్ళివారు ఊరక కూర్చుంటే చాలును, పెళ్ళి మొత్తము తామే నడిపించే కంపెనీ అది.

"తాతా, కొంచెం ఇట్లా తిరగండి" అనింది. తిరిగితిని.

"ఈ మీసం మీదేనా?"

"నాదే అమ్మా."

"ఎంతమంది మనవలు మీకు?"

"ఎవురూ లేరమ్మా. నేను ఎవురికీ తాతను కాను."

"అదే మేలు. ముహూర్తం నాడు మా మనవరాలి పెండ్లి ఉండాదని ఎగ్గొట్టేదానికి లేదు."

4. పెళ్ళి జరిపించేది పురోహితుడని ఇన్నాళ్ళు అనుకొంటిని. కాదు. కాగితము. దానిని ప్రోగ్రాం షీటు అందురు. వంటశాల గోడకు ఒకటి, వేదిక వెనక ఒకటి, జనరేటరు గదిలో ఒకటి అంటించి ఉండును. ఎవరు ఏ గుమ్మములో రావలెను, ఎవరు ఎప్పుడు నవ్వవలెను అన్నీ అందులో ఉండును. 'పెళ్ళికూతురి తల్లి కన్నీరు – తాళి తరువాత – రెండవ కెమెరా' అని ఒక పెళ్ళిలో ఉన్నది. ఆ తల్లి ముందే ఏడ్చేసినందున మళ్ళీ ఒకసారి ఏడవవలసి వచ్చినది. ఇంకొక పెళ్ళిలో 'మేనత్త అలక – వద్దు' అని వ్రాసి ఉన్నదని నాకు చదివి చెప్పినారు. ఆమె అలిగినది. అది వేరే విషయము.

కాగితములో చోటు ఉండి మనిషి లేకపోతే, మనిషిని తెచ్చి ఆ చోట నిలబెట్టుదురు. అట్లు నేను పోయినాను. షీటులో నా పేరు ఉండదు. 'తాత' అని ఉండును. పట్టుపంచె, కండువా కంపెనీవి. పెళ్ళి ముగిసినాక మడిచి ఇచ్చేయవలెను.

5. నేను అనవలసిన మాటలకు నిత్య ఒక కార్డు వ్రాసి ఇచ్చినది. మాటలు తెలుగు, అక్షరాలు అరవము. ఆ పిల్లకు తెలుగు అక్షరాలు రావు, నాకు అరవ అక్షరాలు రావు. ఆమె చదువుతుండగా నేను వెనకవైపున తెలుగులో వ్రాసుకొన్నాను.

"రండి రండి. ఎండన పడి వచ్చినారు. ముందు గొంతు తడుపుకోండి."

"మా బంగారు తల్లిని మనసారా దీవించండి."

"భోంచేయకుండా పోతే నాకు కోపం వస్తుంది."

కింద గీత గీసి, వేరే మాటలు వద్దు అని వ్రాయించినది. నాకు అది సమ్మతమే. చిన్నప్పటి నుండి నాకు మాట తక్కువ. నలుగురిలో నిలబడితే నాలుక అంటుకొని పోవును. కార్డు ఉన్నప్పుడు అంటుకోలేదు. నాకు కోపం వస్తుందని చెప్పితే జనం నవ్వుతూ లోపలికి వెళ్ళి భోంచేసినారు. నా కోపమును ఎవరైనా లెక్కచేయుట అంతకు ముందు నేను చూడలేదు.

ఇంకొక కాగితములో నా చేత సంతకం చేయించుకొన్నారు. ఏ ఇంటికి తాతగా పోయినానో బయట చెప్పరాదని అందులో ఉన్నదట. ఇప్పుడు తమకు చెప్పుచున్నాను. దానికి ఏమి శిక్షయో తెలియదు.

6. పోయిన వైకాశి (వైశాఖ) మాసములో మణవాళనగర్ లోకనాథం నాయుడు గారి కుమార్తె తనుశ్రీ పెళ్ళికి పోయితిని. గుమ్మము దగ్గర పెద్ద బోర్డు పెట్టినారు. ఒక చెట్టు బొమ్మ, కొమ్మలకు బంధువుల ఫోటోలు. అడుగున, వేరు దగ్గర, నా ఫోటో. దాని కింద 'మా తాత, మా వేరు' అని అరవములో వ్రాసి ఉన్నదని తరువాత తెలిసినది. నేను దాని పక్కనే పన్నీరుబుడ్డి పట్టుకొని నిలబడి ఉన్నాను.

మా గ్రామ పరిపాలనాధికారి వీ.ఏ.ఓ. గారు ఆ పెళ్ళికి విందుకు వచ్చినారు. వారు మా ఊరికి కొత్త. వారి చేతుల మీద నేనే పన్నీరు చల్లితిని. తలెత్తి చూసినారు.

"ఏమి పెద్దాయనా, మీరా! కొత్తకండ్రిగ కదా మీది? యాడికి వచ్చినారు ఇట్లా?"

మగపెళ్ళివారు పక్కనే ఉన్నారు.

"రండి రండి. ఎండన పడి వచ్చినారు" అంటిని.

"అది ఉండనీండి. ఆ బోర్డులో ఫోటో మీదే కదా? పిల్ల మీకు మనవరాలా?"

"మా బంగారు తల్లిని మనసారా దీవించండి."

"దీవిస్తా సామీ, దానికేమి. ఇంత ఆస్తి పెట్టుకోని సర్కారు పింఛను యాల తీసుకుంటా ఉండారు?"

"భోంచేయకుండా పోతే నాకు కోపం వస్తుంది."

ఆయన సెల్లులో బోర్డును ఫోటో తీసుకొని భోజనానికి వెళ్ళినారు.

వారి మీద నాకు ఫిర్యాదు లేదు. బోర్డులో ఉన్నదే వ్రాసినారు. నన్ను నోటితో అడిగినారు కూడ. నేను కాదనలేదు.

7. నేను తాతను కానని కంపెనీ నుండి ఒక కాగితం తెచ్చుకొందామని నిత్య దగ్గరకు పోయితిని.

"అయ్యో తాతా, నేను ఏ కాగితమైనా రాస్తాను. పెండ్లి పత్రిక రాస్తాను, మైకు పర్మిషన్‌కు స్టేషన్‌కు లెటర్ రాస్తాను. పెండ్లికొడుకు తానే కూచోని రాసిన మాదిరి ప్రేమలేఖ కూడా రాసిచ్చినా, పెండ్లికూతురు ఏడ్చేసింది. ఇది మాత్రం నా చేత కాదు."

"యాలమ్మా?"

"మేము పెట్టిన బోర్డు అబద్ధమని మేమే రాసిస్తే, ఇంక మమ్మల్ని ఎవరు పిలుస్తారు? పెండ్లివాళ్ళు రాసిస్తే అది వేరే. లోకనాథం సారును అడిగి చూడండి తాతా."

ఈ మాట చెప్పుచు కండ్లు తుడుచుకొనింది. నేను లేచి వచ్చేసినాను.

8. మణవాళనగర్ పోయితిని. లోకనాథం గారు మర్యాద గలవారు. నన్ను సోఫాలో కూర్చోబెట్టి, తలుపు మూసి వచ్చి, మెల్లగా మాట్లాడినారు.

"నాకు ఊహ తెలిసేలోపలే మా నాయన ఇల్లు విడిచి పోయినాడు పెద్దాయనా. సంబంధం మాట్లాడేటప్పుడు మీ తట్టు పెద్దలు ఎవురని అడిగినారు. సిగ్గేసింది. మా చిన్నాయన ఉండాడని చెప్పేసినా. కంపెనీవాళ్ళు మిమ్మల్ని తెచ్చినారు. ఇప్పుడు కాదని నేను రాసిస్తే, ఆ కాగితం చేతులు మారి మారి వియ్యంకుల చేతికి పోతే? నా బిడ్డ అక్కడ బతకాల గదా."

ఆయన చెప్పినది న్యాయముగానే ఉన్నది.

అంతలో మేడ మీద నుండి తనుశ్రీ, ఆమె భర్త దిగి వచ్చినారు. పుట్టింటికి వచ్చి ఉన్నారు. ఆ అబ్బాయి నేరుగా వచ్చి నా కాళ్ళకు మొక్కినాడు.

"ఏమి తాతా, ఆడి పండగకు వస్తారని చూసినాం. కోపమా?"

అప్పుడు నా దగ్గర కార్డు లేదు. అయినా నోట వచ్చేసినది. భోంచేయకుండా పోతే నాకు కోపం వస్తుంది అంటిని. అది వాళ్ళ ఇల్లు. అందరును నవ్వినారు. లోకనాథం గారు కూడ నవ్వినారు. అన్నం పెట్టినారు. తింటిని.

తనుశ్రీ గేటు వరకు వచ్చినది. ఆ పిల్లకు సంగతి మొత్తము తెలియును.

"తాతా, అవ్వ ఎట్లుండారు? ఒక తూరి మీ ఇంటికి వస్తా. అడ్రస్ నిత్యక్కను అడుగుతా" అనింది.

బస్సు వచ్చినది. ఎక్కితిని.

9. కనుక ఏ తట్టు నుండియు నాకు కాగితము రాదని తెలుసుకొంటిని. ఇచ్చిన వారు చెడిపోవుదురు. మా ఇంటి పక్క శరవణన్ సాక్ష్యం చెప్పుటకు సిద్ధముగా ఉన్నాడు. మాకు బిడ్డలు లేని సంగతి అతని తండ్రికి కూడ తెలియును. తమరు గ్రామములో ఎవరిని అడిగినను చెప్పుదురు, అడగకపోయినను చెప్పుదురు.

తమరు దయతో విచారణ జరిపించి,

(అ) నేను ఎవరికీ తాతను కాననియు, ఇకముందు కాగల మార్గము కూడ లేదనియు ధ్రువీకరించి, 'మనవరాలు కలదు' అను మాటను కొట్టివేయించవలెను.

(ఆ) నిలిచిన పింఛను తిరిగి ఇప్పించవలెను.

సంతానము లేదను విషయములో భార్యాభర్తలు ఇద్దరును వ్రాలు చేయవలెనని కిటికీ దగ్గరి అమ్మ చెప్పినందున, కింద ఇద్దరికిని చోటు విడిచినాను.

మాట తక్కువ వాడు ఇంత పొడుగు వ్రాసినందుకు కోపగించక చిత్తగించవలెను.

తమ విధేయుడు, సంతకము చేయగలవాడు,
డి. దండపాణి నాయుడు

మునెమ్మ (ఎడమ బొటనవేలి ముద్ర):

తా.క.: పై అర్జీని ముగించి, వేలిముద్ర కోసం మునెమ్మకు చదివి వినిపించితిని. ఆమె పొయ్యి దగ్గర నుండి లేచి వచ్చి కూర్చున్నది.

"ఆఫీసు కాగితంలో అట్లా రాసినారా? మనకు మనవరాలు ఉండాదని?"

"రాసినారు."

"సీలు ఏసినారా?"

"కంప్యూటర్‌లో ఉండాది. అది సీలు కంటే గట్టి."

"నాకు యాల చెప్పలా?"

నేను ఇంకుప్యాడ్ మూత తీసితిని.

"సర్కారోళ్ళే ఉండాది అంటే, లేదని రాసేదానికి నువ్వెవురయ్యా?"

"పింఛను రాదే."

"రాకుంటే పోనీ. బియ్యం రేషన్‌లో వస్తాది. పెండ్లయి వచ్చిన కాడి నుంచి ఈ ఊరు నన్ను లేదు లేదు అనింది. సీమంతానికి పిలవలా, బిడ్డను తొట్లెలో ఏసేదానికి పిలవలా. ఇప్పటికి ఒక్కరు ఉండాది అని రాసినారు. దాన్ని కొట్టేయమని బతిమాలుకుంటా ఉండావా?"

ఇంకుప్యాడ్ ఆమె ముందర పెట్టితిని. చెయ్యి కొంగులో చుట్టుకొనింది. "ఆ పిల్ల వస్తానని అనింది గదా, యాడ కూచోబెట్టేది?" అని అడిగి, బదులు కోసం చూడక, చీపురు తీసుకొని ముందరి అరుగు చిమ్మడానికి పోయినది.

ఆమె ముద్ర లేనందున ఈ అర్జీ చెల్లదని నాకు తెలియును. అయినను పంపుచున్నాను. (అ)ను విడిచిపెట్టి (ఆ)ను మాత్రము మన్నించుటకు రూలులో దారి ఉంటే అట్లు చేయవలెను. రెండిటిలో ఏదో ఒకటే ఉండవలెను అంటే, ఆ మాట నేను ఆమెతో చెప్పలేను. తమ తరపున ఎవరినైనా పంపి చెప్పించవలెను. ఉదయం పూట అయితే మేలు. అప్పుడు నేను ఇంట్లో ఉండను.