చిన్న గమనిక

అక్కకు నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. పాపకి దగ్గు తగ్గింది, మళ్లీ అల్లరి మొదలుపెట్టింది. మీరంతా కులాసా అని నీ ఉత్తరంలో రాశావు కానీ నాకు నమ్మకం కలగలేదు.

"బటన్లకి రంగులేస్తే కూడా జీతమిస్తారా?" అని బావగారు అడిగారట. ఇస్తారని చెప్పు. అక్షరం ఎంత ఉండాలి, ఏ రంగులో ఉండాలి, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అన్నవన్నీ ఒకచోట రాసి, దానికో పేరు పెడతాను. దాన్ని స్టైల్ అంటాం. కంప్యూటర్లో ఎన్ని తెరల మీద కావాలంటే అన్నిటి మీదా ఆ పేరు తగిలిస్తే చాలు. ఒక్కచోట మారిస్తే అంతటా మారిపోతుంది. పని సులువు. ప్రమాదం కూడా అందులోనే ఉంది.

ఆ పేర్లలో 'చిన్న గమనిక' ఒకటి. పోయిన నెల ఎనిమిదో తారీఖున దాని రంగు మార్చాను. ముదురు బూడిదరంగు తీసేసి లేతది పెట్టాను. తెర హుందాగా కనిపించింది. మా ఆఫీసులో తెరలు పరీక్షించే అమ్మాయి ఒక్కతే అడిగింది: "ట్యూబ్‌లైటు వెలుతురులో ఇది కనబడుతుందా మేడమ్?"

"చిన్న గమనికేగా, ఎవరు చదువుతారులే" అన్నాను.

అక్కా, మీ వార్డులో మందుల తెర మా కంపెనీ చేసిందే. మందు పేరు కింద 'ఈ రోగికి ఇది పడదు' అని వచ్చే వరుసకి ఆ స్టైలే ఉంది. వేరేది రాయడానికి బద్ధకించి, రెండేళ్ల కిందట దాన్ని అక్కడ తగిలించింది నేనే. నువ్వు ఆ ఇంజెక్షన్ ఇచ్చింది పదకొండున.

"ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ వరుస ఎలా చూడకుండా పోయానే, నా కళ్లు పోతున్నాయేమో" అని రాశావు. నీ కళ్లకేం కాలేదు. అది నేను మార్చిన రంగు వల్లేనని నీ ఉత్తరం చదివిన రోజే నాకు తెలిసింది. తొమ్మిది రోజులు నోరు మెదపలేదు. ఊపిరాడని ఆ ముసలాయన్ని నువ్వు వెంటనే గమనించి డాక్టరుని పిలవబట్టి బతికాడు. లేకపోతే ఈ ఉత్తరం ఎలా రాసేదాన్నో తెలియదు.

నిన్న మేనేజరుకి చెప్పేశాను.

"కంపెనీ పేరు బయటపడుతుందమ్మా, కాస్త ఆలోచించుకో" అన్నాడు.

"ఇప్పటికే ఒక నర్సు పేరు బయటపడింది సార్" అన్నాను.

ఆ హెచ్చరికకి వేరే స్టైల్ రాశాను: నల్లటి పెద్ద అక్షరాలు, చుట్టూ ఎర్ర గీత. అది రావాల్సిన పందొమ్మిది తెరలనీ ఒక్కొక్కటే తెరిచి చూసుకున్నాను. నా ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు.

ఫోన్లో చెబితే "పోనీలేవే" అని మాట మార్చేస్తావని ఉత్తరం రాస్తున్నాను. సోమవారం నీ ముందు పెట్టే సంజాయిషీలో 'నా నిర్లక్ష్యం' అని ఉంటే సంతకం పెట్టకు. మార్పు చేసిన తారీఖులు, రంగు మారకముందు, మారాక తీసిన తెర ఫొటోలు, నా వాంగ్మూలం ఈ కవరులో ఉన్నాయి. సూపరింటెండెంటుకి ఇవ్వు.

నా మొహం చూసి వీటిని బీరువాలో దాచేస్తావని నాకు తెలుసు. అందుకే ఇంకో కవరు నేరుగా సూపరింటెండెంటుగారి పేరునే పంపించేశాను.

ఇట్లు,
జవాబుకి తొందరపెట్టని
నీ చెల్లెలు