వదిన కాచిన తాటి బుష్

హౌరా,
ఆదివారం

అన్నయ్య ఏడుకొండలుకి, వదిన నాంచారమ్మకి, అమ్మకి కోటేశు చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ బాగున్నాను. అమ్మ దగ్గు తగ్గిందా? చిన్నది బడికి పోతోందా, ఇంకా వాకిట్లో కూచుని ఏడుస్తోందా? అన్నయ్య కాల్లో జెల్ల చేప ముల్లు దిగిందని కిందటి ఉత్తరంలో రాశారు గానీ అది బయటికి వచ్చిందో లేదో రాయలేదు. ఇలాంటివి సగం రాసి వదిలేస్తే ఇక్కడ నాకు అన్నం సహించదు.

నా గురించి ఏమీ బెంగ పెట్టుకోకండి. వేళకి తింటున్నాను, పడుకుంటున్నాను. ఒంట్లో బాగుంది. గది కూడా బాగుంది, నలుగురం ఉంటాం, ఒక కిటికీ ఉంది. కిటికీలోంచి ఇంకో ఫ్యాక్టరీ గోడ కనపడుతుంది. అయినా గాలి వస్తుందిలెండి. సముద్రం గాలి కాదు, ఉక్క గాలి. కరెంటు రోజూ పోతుంది. పని మధ్యలో లేతు మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయి అందరం చేతులు ముడుచుకు నిలబడతాం. అప్పుడు నాకు ఇల్లు గుర్తొస్తుంది. అందుకే నాకు కరెంటు ఉంటేనే బాగుంటుంది.

తిండి సంగతి వదిన అడిగింది. ఇక్కడివాళ్ళకి చేపంటే ప్రాణం, మనకన్నా ఎక్కువే. కానీ ఆవనూనెలో వండుతారు. చింతపండు వెయ్యరు. పైగా పులుసులో చిటికెడు పంచదార వేస్తారు! ఏటి చేపే చేపట, సముద్రం చేపకి రుచి లేదట. నేను బందరు రేవులో పుట్టినవాణ్ణని చెప్పి మెస్సులో ఒకడితో గొడవేసుకున్నాను. వాడికి తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు, అయినా గంటసేపు పోట్లాడుకున్నాం. కుదిరితే ఎవరిచేతైనా కాస్త చింతపండు, ఎండు మెత్తళ్ళు పంపండి. తొందరేమీ లేదు.

పని బాగానే ఉంది. బాగానే ఉందని ఎందుకు మళ్ళీ మళ్ళీ రాస్తున్నానంటే, పొద్దున్నుంచి ఈ కాగితం ముందు కూచుంటున్నాను, లేస్తున్నాను. ఇందాక పెద్ద బ్రిడ్జీ మీద ఆ చివరిదాకా నడిచి, ఏమీ పని లేకుండానే తిరిగి వచ్చాను. కింద నది అచ్చం మన కృష్ణ వరద నీళ్ళ రంగులో ఉంది. మళ్ళీ కూచున్నాను.

అన్నయ్య వల బాగుచేసుకుంటూ వింటుంటాడు, వదిన పైకి చదువుతుంటుంది. వదినా, ఇక్కడ ఆపు. ముందు నువ్వొక్కదానివే చదువుకో. తర్వాత అన్నయ్యకి వినిపిద్దువుగాని. ఇక్కణ్ణుంచి ఉత్తరం నీకు.

మొన్నామధ్య సొర నూనె డబ్బా ఒకటి, తాటిచేవ ముక్కలు నాలుగు పంపమని రాశాను. నూనె మోకాళ్ళ నొప్పికన్నాను, ముక్కలు మంచం కాళ్ళ కిందకన్నాను. నువ్వు పాపం నమ్మి, రాత్రిపూట రాసుకుని గుడ్డ కట్టుకోమని చీటీ కూడా పెట్టావు. మెయిలు బండిలో ఆ డబ్బా తెచ్చినాయన్ని వాసనకి తట్టుకోలేక పెట్టెలోవాళ్ళు తలుపు దగ్గరికి తరిమేశారట. నా మోకాళ్ళు శుభ్రంగా ఉన్నాయి వదినా. మంచమూ బాగానే ఉంది. నేను నీకు అబద్ధం రాశాను.

జరిగింది చెబుతాను. మా ఫ్యాక్టరీలో పొలాలకి బురద నీళ్ళు తోడే పంపులు చేస్తారు. ఇరుసు తిరిగే చోట దాని చుట్టూ గొట్టంలా ఇత్తడి బుష్ వేస్తారు. నీళ్ళలో ఇసక వచ్చి అది అరిగిపోతుంది, పంపులు తిరిగి వచ్చేస్తున్నాయి. మన బోటుని నీళ్ళలో నెట్టే ఫ్యాను ఇరుసుకి వచ్చిన బాధే. మా ఇంజనీరు దత్తబాబు రోజూ ఆ అరిగిన బుష్‌లు ముందు పెట్టుకుని తల పట్టుకునేవాడు. మంచి మనిషి. నా నోరు ఊరుకోలేదు. మా బోటుకి చెక్క బుష్ వేశామండి, ఇసకలో కూడా అరగదు అన్నాను. చేసి చూపించమన్నాడు. అందుకు నూనె, అందుకు తాటిచేవ.

చేశాను. నువ్వు చేసినట్టే చేశాను, ఒక్కటీ మార్చలేదు. తొట్టిలో ఇసక నీళ్ళు పోసి, ఒక ఇరుసుకి ఇత్తడిది, ఒక ఇరుసుకి మనది పెట్టి తిప్పారు. ఇత్తడిది లొడలొడలాడుతుంటే మనది పెట్టింది పెట్టినట్టు ఉంది. దత్తబాబు లేతుల దగ్గర అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఈ ఆలోచన ఎవరిది?" అన్నాడు.

"నాదేనండి" అన్నాను.

ఎందుకన్నానో నీకు చెప్పాలి. నాకు సిగ్గేసింది వదినా. చుట్టూ ప్యాంట్లు వేసుకున్న పెద్దవాళ్ళు, నన్ను మద్రాసీ అని పిలిచేవాళ్ళు. మా వదిన చెప్పిందండీ, ఎండుచేపలు అమ్ముద్దండీ అంటే నవ్వుతారనిపించింది. నవ్వితే ఏం పోయేది? ఇప్పుడనిపిస్తోంది. అప్పుడు మాత్రం నా నోట్లోంచి ఆ మాట అంత తేలిగ్గా వచ్చేసింది.

నాకు ఆ రోజులు అన్నీ గుర్తున్నాయి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసకకి బుష్ పోయినప్పుడల్లా అన్నయ్య బెజవాడ వచ్చి, మస్తాన్ మేస్త్రిగారి షెడ్డులో నా లేతు దగ్గర నిలబడేవాడు. నేను టేకుతో చేసిస్తే అది నీళ్ళకి ఉబ్బి ఇరుసుని పట్టేసింది. బోటు నడిసముద్రంలో ఆగింది. ఇంటికొచ్చి ఇద్దరం మొహాలు వేలాడేసుకు కూచుంటే నువ్వు చేపలు ఎండబెడుతూ అన్నావు, "చెక్కన్నాక నీళ్ళు తాగుద్ది. తాగొద్దంటే ఆగుద్దా? ముందే దాని కడుపు నింపెయ్యండి."

"బోటు సంగతి నీకెందుకే?" అన్నాడు అన్నయ్య.

"బోటు మునిగితే ఎవరికెందుకో అప్పుడు తెలుద్దిలే" అన్నావు.

తాటిచేవ అన్నది నువ్వే. బోటు చెక్కలకి పూసే సొర నూనెలో కాచమన్నది నువ్వే. నూనె ఎర్రగా కాగుతుంటేనే నేను ముక్కని బయటికి తీసేశాను, అది నిలువునా చీలింది. అప్పుడు నువ్వు నా చేతిలో పట్టకారు లాక్కుని, "పొయ్యి ఆర్పేసి గారెలు నూనెలోనే వదిలేస్తే ఏమయిద్ది? నూనంతా పీల్చుకుని తినడానికి పనికిరావు. వీటినీ అట్టానే వదిలెయ్, చల్లారేదాకా ముట్టుకోబాక" అన్నావు. ఊక పొయ్యి మీద సన్నగా కాచి, ఆర్పి, మూత పెట్టి మర్నాటిదాకా వదిలేశావు. ఆ బుష్‌ని నేను లేతు మీద తొలుస్తుంటే మస్తాన్ మేస్త్రిగారు పొట్టు చేతిలోకి తీసుకుని నలిపి చూశారు. "ఇదెవరి బుర్రరా?" అన్నారు. "మా వదినదండి" అన్నాను. "మీ వదినకి నా సలాం చెప్పరా, లోపలిదాకా నూనె ఎక్కింది" అన్నారు. చూశావా, అక్కడ ఎంత సులువుగా చెప్పాను! నోరు అదే, మనిషిని నేనే.

ఇంతటితో అయితే బాగుండును. ఇప్పుడు కంపెనీ దీనికి పేటెంటు తీసుకుంటోంది. పేటెంటంటే, కొత్తగా కనిపెట్టినదాన్ని ప్రభుత్వం పుస్తకంలో ఎక్కించి, ఇన్నేళ్ళపాటు ఇంకెవరూ చెయ్యకూడదని రాసిచ్చే కాగితం. మొన్న శుక్రవారం దత్తబాబు నన్ను కలకత్తాలో ఆ పని చూసే వకీలు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఫారంలో ఒక గడి ఉంది. దీన్ని నిజంగా, మొట్టమొదట కనిపెట్టిన మనిషి ఎవరు అని. అందులో నా పేరు పెన్సిలుతో రాసి ఉంది. దాని కింద నేను సంతకం పెట్టాలి.

వకీలు ముసలాయన, నెమ్మదైన మనిషి. "నూనెలో కాచడం చాలామంది చేస్తారు. నూనెలోనే చల్లార్చడం అన్నదే కొత్త. అది నీకెలా తట్టింది?" అని అడిగాడు. నేను పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాను. "ఊరికే... తట్టిందండి" అన్నాను. ఆయన కలం కింద పెట్టేశాడు. మంగళవారం రా, ఈలోగా గుర్తు చేసుకో అన్నాడు.

గుర్తు చేసుకోడానికి నేను జన్మలో ఒక్క గారె వేశానా?

మంగళవారం ఎల్లుండి. సంతకం పెడితే ఈ బుష్‌లు చేసే కొత్త షాపుకి నన్ను ఫోర్‌మన్ చేస్తారు. పెట్టనంటే ఇన్నాళ్ళూ అబద్ధమాడానని తేలుతుంది, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. నీకు రాసి జవాబు తెప్పించుకునే వ్యవధి లేదు. ఇప్పుడు కరెంటు పోయింది. ఈ ఉత్తరం ఇప్పుడే పోస్టు చెయ్యను.

బుధవారం

మూడు రోజులు జేబులో ఉంది, చెమటకి అక్షరాలు అలుక్కుపోయాయి, ఏమీ అనుకోవద్దు.

నిన్న వెళ్ళాం. గుమాస్తా టైపు మిషను ముందు కూచున్నాడు, దత్తబాబు నా పక్కనే ఉన్నాడు. వకీలు ఫారం నా వైపు జరిపి కలం ఇచ్చాడు. "ఇది నాది కాదండి, మా వదినది" అన్నాను. నాకొచ్చిన హిందీ ముక్కలు కూడా సగం పోయాయి. దత్తబాబు నా మొహంలోకి చూసి మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయాడు.

"ఆవిడ ఏం చదువుకుంది?" అన్నాడు వకీలు.

"అయిదో క్లాసండి."

"ఏం చేస్తుంది?"

"ఎండుచేపలు అమ్ముద్దండి."

గుమాస్తా నవ్వాడు. నేను భయపడ్డ నవ్వు అదే. వినపడింది, అయిపోయింది. నాకేమీ కాలేదు. తర్వాత గారెల సంగతి చెప్పడానికి నేను పడ్డ తిప్పలు నువ్వు చూడాలి. గారె అంటే వాళ్ళకి తెలియదు. అరచేతిలో పిండి తట్టి, నూనెలో వేసి, పొయ్యి ఆర్పి, అంతా ఉత్త చేతులతో చేసి చూపించాను. ముసలాయన ఒక్కసారిగా నవ్వేసి, తమ ఇంట్లో పప్పు వడలు కూడా అలాగే నూనె తాగేస్తాయని, దానికి ఇంట్లో పోట్లాటలు కూడా అవుతాయని చెప్పాడు. "ఇప్పుడు అర్థమైంది" అని కలం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. ఇంతకుముందు ఎక్కడైనా వాడారా అని అడిగితే, మా బోటు ఒక్కదానికే వేసి చూశామని, ఇంకా ఏడాది కాలేదని చెప్పాను. ఏడాది లోపల పరీక్షకోసం అయితే అడ్డం రాదన్నాడు. వదినా, నేనొచ్చాక రేవులో ఇంకెవరికీ చెయ్యలేదు కదా? చేసి ఉంటే ఉన్నదున్నట్టు రాయి. ఇక దాచడాలు నా వల్ల కాదు.

నీ వృత్తి గడిలో గుమాస్తా గృహిణి అని కొట్టబోయాడు. ఒప్పుకోలేదు. ఎండుచేపల వ్యాపారం అని కొట్టించాను.

వచ్చేటప్పుడు ట్రాములో దత్తబాబు వేరే సీట్లో కూచున్నాడు. ఈ పొద్దున నన్ను పంపులు పరీక్ష చేసే గదిలోకి రావద్దన్నారు, పాత లేతు దగ్గరే పెట్టారు. "నువ్వు చెప్పింది మంచిదే. మొదటే చెబితే ఇంకా బాగుండేది, నేను యజమానికి ఏమని చెప్పను?" అన్నాడు దత్తబాబు. అది నిజమే. ఫోర్‌మన్ సంగతి ఇక మరిచిపోండి. ఉద్యోగం ప్రస్తుతానికి ఉంది. భయపడకండి. ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ కడుతున్నారు, లేతు తెలిసినవాళ్ళకి పని దొరకొచ్చని మేస్త్రిగారు రాశారు. వచ్చేద్దామా అనిపిస్తుంది. ఇంకో గంటకి, ఏం మొహం పెట్టుకుని వస్తానులే అనిపిస్తుంది.

దీంతోపాటు ఇంగ్లీషు కాగితం ఒకటి పెట్టాను. దరఖాస్తులో నీ పేరు ఎక్కింది, అది అయిపోయింది. ఈ కాగితం వేరు. ఈ బుష్ చేసుకునే హక్కు నువ్వు కంపెనీకి ఇస్తున్నట్టు ఇందులో ఉంది. నువ్వు సంతకం పెడితేనే చెల్లుతుంది, పెట్టకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. తెలుగులో పెట్టినా పనికొస్తుందట. కానీ తొందరపడి పెట్టకు. అన్నయ్య పెట్టమన్నాడని పెట్టకు. నా ఉద్యోగం కోసమని అసలు పెట్టకు. బెజవాడ వెళ్ళి మేస్త్రిగారికి తెలిసిన ప్లీడరుకి చూపించి, నీకు ఏమిస్తారో కాగితం మీద రాసివ్వమని అడుగు. నీకు ఇష్టం లేకపోతే చించి పొయ్యిలో వెయ్యి. నేను ఒక్క మాట అనను.

అన్నయ్యా, ఇదంతా విన్నాక నామీద కోపం వస్తే రానీ, వదినని మాత్రం ఏమీ అనొద్దు. తనకి ఇందులో ఏదీ తెలియదు. అమ్మ పాదాలకి దండాలు. చిన్నదానికి ముద్దులు. మేస్త్రిగారు కనపడితే సలాం చెప్పండి.

వదినా, కవరు మీద నీ పేరే రాశాను. పోస్ట్‌మాన్ అలవాటుకొద్దీ అన్నయ్యని పిలుస్తాడేమో, నువ్వే వెళ్ళి తీసుకో. దీవించమని అడిగే మొహం నాకు లేదు. చదివానని ఒక కార్డు ముక్క రాయి చాలు. తిట్టి రాసినా సరే, నీ చేత్తో రాయి.

నీ మరిది
కోటేశు