మైకులో మస్తాన్ పేరు

ఆగస్టు 4, సోమవారం

వచ్చే ఆదివారం నరసరావుపేటలో రైతుల సమ్మేళనం. సైకిల్ చక్రంతో చేసిన మా కలుపు గుంటక గురించి నన్ను చెప్పమన్నారు. మనిషికి మూడు నిమిషాలు. బెల్లు కొడితే దిగిపోవాలి.

ఆలోచన మా ఊరి మస్తాన్‌ది. వెల్డింగూ అతనిదే. నేను చేలో తోసి చూశాను, అంతే. మాట్లాడవలసిందీ అతనే. ఎండాకాలంలో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

ఆగస్టు 5, మంగళవారం

మస్తాన్ ఇంటికి వెళ్ళాను — నా వల్ల కాదని చెప్పడానికి. మంచంలోంచే ఏదో అన్నాడు. ఇప్పుడతని మాట భార్య కాసింబీకి తప్ప ఎవరికీ తెలియదు.

"బావా, అది చేసింది తనేనని మైకులో చెప్పమంటన్నాడు. పేరు పెట్టి చెప్పాలంట."

నలుగురిలో నాకు నోరు లేవదన్నాను.

"ఏం ఖర్మో! నోరున్నాయనకి మాట పడిపోయింది. మాటున్న నీకేమో నోరు లేదు."

వెళ్తానన్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

కాసింబీ ఫోన్లో టైము పెట్టింది. మంచం పక్కన నిలబడి చెప్పాను. మొదలే మస్తాన్ పేరు... తర్వాత చక్రం, బ్లేడు, పత్తి సాళ్ళు. రెండు నిమిషాలకే అయిపోయింది.

"ఇంకేందిలే, చానా బాగా చెప్పావు" అంది.

ఆగస్టు 9

నిద్ర సరిగా లేదు.

ఆగస్టు 10, ఆదివారం

ఫంక్షన్ హాలు. మస్తాన్‌ను ఆటోలో తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఇస్త్రీ చొక్కా.

నా వంతు. వేదిక నిండా పెద్దలు. నా ముందు మాట్లాడిన వాళ్ళంతా ఒక్కొక్కరి పేరూ చెప్పి నమస్కారం పెట్టారు. నేనెట్లా మానేది? పేరు వదిలితే గుర్తుపెట్టుకుంటారు. దాని మీద ఒకరితో ఒకరికి మాటల్లేకుండా పోయిన ఇళ్ళు ఊళ్ళో ఉన్నాయి.

సర్పంచి గారికి... సొసైటీ ప్రెసిడెంటు గారికి... ఒకాయన పేరు తట్టలేదు. ఆగాను. వెనక నుంచి ఎవరో — "పెద్దాయనా, డైరెక్టరు గారి పేరు రాలా." చెప్పాను. అంతలో ఇంకొకాయన వచ్చి కూర్చున్నాడు. ఆయనకీ నమస్కారం పెట్టాను.

ఈ గుంటక — అన్నాను. బెల్లు.

ఒక్క మాటండీ, అన్నాను. మైకు తీసుకున్నారు. చప్పట్లు. శాలువా కప్పారు, నాకు.

ముందు వరస వైపు చూడలేదు.

ఆగస్టు 11

ఎక్కడికీ పోలేదు.

ఆగస్టు 13, బుధవారం

కొట్టు దగ్గర కాసింబీ ఎదురుపడింది. "ఏం బావా, మా వీధి దోవ మరిచావా? పెద్ద ఉపన్యాసకుడివి అయిపోయావులే." నవ్వుతూనే అంది. మస్తాన్ ఏమన్నాడని అడగాలనుకున్నాను. అగ్గిపెట్టె కొనుక్కుని వచ్చేశాను.

ఆగస్టు 14, గురువారం

వెళ్ళాను. కాసింబీ ఇంట్లో లేదు. మస్తాన్ ఒక్కడే, గోడకు ఆనుకుని.

శాలువా అతని ఒళ్ళో పెట్టాను. "నీ పేరు చెప్పలేకపోయా మస్తానూ" అన్నాను.

ఏదో అన్నాడు. చిన్న మాటే. మళ్ళీ అన్నాడు. నాకు తెలియలేదు. మూతి ఒక పక్కకు లాగి ఉంది... అది కోపమో, నవ్వో.

శాలువాను తోసేయలేదు. తోసేద్దామన్నా, నా వైపు చెయ్యి లేవదు అతనికి.