ముగ్గు మీద చీపురు

నవంబర్ 28, 1988

మున్సిపాలిటీలో జవాను ఉద్యోగం — ఊడ్చేవాళ్ల మీద అజమాయిషీ. టెంపరరీ. మూడో వార్డు పరిశుభ్రత నేటి నుంచి నా భుజాల మీద. భుజాలు సన్నం, వార్డు పొడుగు.

బాపు సాంచె ఆపి మరీ అడిగాడు — "కరీంనగర్ల బీకాం సదివింది గీ చీపుర్ల పెత్తనానికేనారా?" బట్ట నేయడం మానేసి అడగాల్సినంత పెద్ద ప్రశ్నే.

నవంబర్ 30

ఊడ్చేది రాజవ్వ. ఇరవై ఏళ్ల సర్వీసు. చీకటితోనే గల్లీలు, ఆఖరున పెద్ద బజారు. ఇదేం క్రమం? ఎర్ర సిరాతో మ్యాపు గీశాను. ముందు బజారు, తర్వాత గల్లీలు. నా చదువంతా ఆ కాగితం మీదే ఉంది.

రాజవ్వ మ్యాపును తలకిందులుగా పట్టుకుని చూసింది. "గల్లీలు ఎనుకనా సారూ... జర సోంచాయించు."

అధికారి సోంచాయించడు. ఆజ్ఞాపిస్తాడు.

డిసెంబర్ 2, శుక్రవారం

ఘోరం. బజారు అయ్యేసరికి తెల్లారింది. గల్లీల్లో అప్పటికే పేడనీళ్ల సాంపి చల్లి ముగ్గులు పెట్టేశారు — శుక్రవారం కదా, పెద్ద పెద్దవి. రాజవ్వ ఆగింది. నేను ఆగలేదు — "ఊడువు."

వాకిళ్ల నిండా పేడ చారలు. ఆడవాళ్లంతా బయటికి. "శుక్రారం పూట లచ్చిమిని ఊడ్సి పారేస్తవానే?" తిట్లన్నీ రాజవ్వకే. నేను వంగి సైకిల్ చైను సరిచేసుకుంటున్నాను.

చైను బాగానే ఉంది.

డిసెంబర్ 3

గల్లీ గల్లీ కలిసి ఫిర్యాదు. ఇన్‌స్పెక్టర్ సారు రాజవ్వను పిలిచారు — "ఎవలు జెప్పిన్రు నీకు?" నేను పక్కనే. ఆమె నా వైపు చూడలేదు. "ఎవలు జెప్తరు సారూ. నిద్రమబ్బుల నేనే ఎనుకముందు జేసిన."

పనిలోంచి ఆపేశారు. సోమవారం తేలుస్తారట.

నా పేరెందుకు చెప్పలేదని బయట రాజవ్వను నిలదీశాను. "నీది టెంపరరి బిడ్డా. ఒక్క మాటకు పోతది. నాది జర గట్టిగుంటది."

సారు పోయి బిడ్డనయ్యాను. ఎవరూ ఇంత పెద్ద ప్రమోషన్ ఇవ్వలేదు.

డిసెంబర్ 4

ఇంట్లో అవ్వ ఈ రోజు బాపు కంటే ఆలస్యంగా లేచింది. ఎందుకని అడిగాను. "రాజవ్వ ఊడ్సిపోయినంక లేసి సాంపి జల్లుత. ఆమె చీపురు సప్పుడే నాకు గడియారం."

పదిహేనేళ్లు ఆ వాకిట్లోంచే బడికీ కాలేజీకీ పోయాను. నా పొద్దులన్నీ ఆమె ఊడ్చిపెట్టినవే.

ఎర్ర సిరా మిగిలి ఉంది. ఇన్‌స్పెక్టర్ సారుకు రాశాను — "క్రమం మార్చింది నేను. ఊడవమన్నది నేను." ఇంత చిన్న జవాబు ఏ పరీక్షలోనూ రాయలేదు. బాపుకు చూపించాను. ఈసారి సాంచె ఆపలేదు. "ఇయ్యి" అన్నాడు, అంతే.

డిసెంబర్ 5, సోమవారం

ఇంకా చీకటి. ఆఫీసు పదింటికి. కాగితం జేబులో, ఇంటి చీపురు చేతిలో. ముందు మా గల్లీ, బజారు ఆఖరున.

నాలుగు బారలు ఊడ్చి వచ్చి ఇది రాస్తున్నాను. అవ్వ ఇంకా లేవలేదు... నా చప్పుడు రాజవ్వ చప్పుడులా లేదేమో.

మళ్లీ పోతున్నాను.