టాప్ తీసే కారు, యాదగిరి సార్ ఎకరం

మారేడ్‌పల్లి, సికింద్రాబాద్
మంగళవారం

సమ్మన్నకు,

నీ చెల్లెలు రజిత దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నేను పంపిన నూనె రాస్తోందా, లేక దాచిపెట్టిందా? వదిన, చిన్ని బాగున్నారా? చిన్నికి జ్వరం తగ్గిందని వదిన చెప్పింది కానీ మళ్లీ వచ్చిందేమోనని నాకు అనుమానంగానే ఉంది. నాకు ఒంట్లో ఏ బాధా లేదు. బాగానే తింటున్నాను.

నువ్వు ఫోన్‌లో రెండుసార్లు అడిగావు, "ఏందే, గొంతు గట్లున్నది?" అని. రెండుసార్లూ సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ ఉందన్నా. చెప్పబోతే ఏడుపు వస్తుందని పెట్టేశాను. ఈరోజు నాకు సెలవు. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను. నువ్వు కూడబలుక్కుని చదువుతావు కాబట్టి అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాస్తున్నాను. తొందరేమీ లేదు, నిదానంగా చదువుకో.

ఇక్కడ వానలు ఆగిపోయాయి. పొద్దున పూట చలి మొదలైంది. హాస్టల్‌లో నీళ్లు చల్లగా వస్తున్నాయి కానీ అలవాటైపోయింది. సాంబారులో ముక్కలు వెతుక్కోవాలి. అమ్మ పెట్టిచ్చిన చింతకాయ తొక్కు ఇంకా నాలుగు రోజులు వస్తుంది. ఎవరైనా ఇటు వస్తుంటే మరో సీసా పంపండి, కారం కొంచెం ఎక్కువే వెయ్యమను. రోజూ నడిచి వెళ్లి మెట్రో ఎక్కుతాను, బేగంపేటలో దిగుతాను. భయపడాల్సింది ఏమీ లేదు. గదిలో ఇంకా ఇద్దరు అమ్మాయిలున్నారు, మంచివాళ్లే. అయితే వాళ్లు వచ్చేసరికి నేను నిద్రపోతాను, నేను లేచేసరికి వాళ్లు నిద్రలో ఉంటారు.

ఇక్కడి వరకు అమ్మకు చదివి వినిపించు. మిగతాది నీకొక్కడికే.

మా షోరూములో ఒకరు వాడి అమ్మిన ఖరీదైన కార్లు పెడతారని నీకు తెలుసు. దసరా ముందు ఒక కారు వచ్చింది. ముదురు ఆకుపచ్చ రంగు, రెండే తలుపులు, ముందు భాగం మన పెద్ద మంచమంత పొడుగు. దానికి గుడ్డ టాప్. మీట నొక్కితే ఆ టాప్ దానంతట అదే మడతపడి వెనక్కి వెళ్లిపోతుంది. ధర కోటీ తొంభై లక్షలు. ఆరోజు నీకు ఫోన్‌లో చెబితే నువ్వు అడిగింది ఒకటే.

"ఎంత లోడు ఎత్తుతదే?"

"ఇద్దరు మనుషులు."

"ఇంకా?"

"ఒక హ్యాండ్‌బ్యాగు."

"గంతేనా! గండ్ల గిన్ని పైసలు ఏడ పెట్టిండ్రే?"

నువ్వు నవ్వావు, నేనూ నవ్వాను. కానీ అన్నా, దాన్ని గురించి చదవడం నా పని కాబట్టి అంతా చదివాను. ఇలాంటి కార్లు ఎందుకు చేస్తారంటే, ఇద్దరు మనుషులు పొద్దున బయలుదేరి నాలుగైదు వందల కిలోమీటర్లు పోయి, సాయంత్రం దిగినప్పుడు నడుము నొప్పి అనకూడదు. అంత వేగంలోనూ స్టీరింగ్ ఒక వేలితో తిరుగుతుంది. సీటు తోలు చేత్తో కుట్టారు, కుట్టు ఒక్కటి కూడా పక్కకు పోలేదు. అలాంటి రోడ్లున్న దేశంలో, అలాంటి చల్లని ఎండలో, డబ్బుకు లెక్కలేని వాడికి అది ఆ ధర చేస్తుందేమో. ఇక్కడ మాత్రం బేగంపేట సిగ్నల్‌లో టాప్ తీసి నిలబడితే ఆర్టీసీ బస్సులో వాళ్లందరూ కిటికీలోంచి మన ఒళ్లోకి చూస్తారు. ముందు కొన్నాయన ఎంత తిరిగాడో మీటరులో చూశాను. నీ ట్రాలీ ఆటో రెండు నెలల్లో తిరిగేంత కూడా లేదు.

మా మేనేజర్ కిరణ్ సార్‌ది రాజమండ్రి వైపు. చెడ్డవాడు కాదు. ఒకరోజు నన్ను పిలిచి, "ఏంటమ్మా రజితా, నెలాఖరుకు నీ ట్రయల్ అయిపోతోంది. ఒక్క బండి కూడా కదల్లేదు. ఆ ఆకుపచ్చది కదిలించావంటే పర్మనెంటు. లేదంటే నా చేతుల్లో ఏముండదు మరి, చూసుకో" అన్నాడు. ఈ మాట నీకు చెప్పలేదు. చెబితే "వాపస్ రా, నేను లేనా" అంటావు. ఇంత చదివి, మూడు నెలలకే వెనక్కి వచ్చి, గుమ్మం ముందు సంచి దించడం నా వల్ల కాదనుకున్నాను.

అప్పుడే యాదగిరి సార్ రావడం మొదలుపెట్టాడు. ఏ.ఎస్. రావు నగర్ దగ్గర ఉంటాడు. అక్కడి ఒక ఫ్యాక్టరీలోనే ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. వాళ్లది కీసర వైపు వ్యవసాయం చేసిన కుటుంబం, భూములు అన్నదమ్ములు ఎప్పుడో అమ్మేసుకున్నారు. ఈయనది ఒక్క ఎకరం మిగిలింది. దానికి ఇప్పుడు మంచి ధర వచ్చింది. అది అమ్మి, ఆ డబ్బుతోనే ఈ కారు కొనాలని ఆయన ఆలోచన.

ప్రతి ఆదివారం భార్య అండాలమ్మను తీసుకుని వచ్చేవాడు. "టాప్ తియ్యి బిడ్డా" అనేవాడు. తీసేదాన్ని. కాసేపు చూసి "ఇగ ముయ్యి" అనేవాడు. మూసేదాన్ని. టీ తాగి వెళ్లిపోయేవాళ్లు. ఒకసారి ఆమెనూ కూర్చోబెట్టాడు. సీటు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. ఆమె కూర్చోవడం కూర్చుంది, లేవలేకపోయింది. "బాయిల దించినట్టున్నది గదయ్యా! ఇగ మోకు దెచ్చి గుంజుండ్రి నన్ను" అంది. నేనూ ఆయనా చెరో చెయ్యి పట్టుకుని లేపాం. ముగ్గురం నవ్వాం.

మూడో ఆదివారం పొద్దున్నే ఆయన్ను ఔటర్ రింగ్ రోడ్డు మీదికి తీసుకువెళ్లాం. కిరణ్ సార్ నడిపాడు, ఆయన పక్కన. నేను వెనక, పేరుకే సీటు అనిపించే సందులో, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. టాప్ తీసి వేగం పెంచగానే ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. జుట్టంతా లేచిపోయింది. ఏదో అరుస్తున్నాడు, గాలికి నాకు వినపడలేదు. బండి ఆగాక చెప్పాడు, "ముప్పై ఏండ్లు డ్యూటీకి సైకిల్ మీదనే పోయిన బిడ్డా. అచ్చం గట్లనే ఉన్నది. తొక్కుడొక్కటి లేదు." కళ్లు తుడుచుకుంటున్నాడు. నిజం చెప్పాలంటే అన్నా, ఆ పది నిమిషాలకు ఆ కారుకు ఎంత ధర చెప్పినా తక్కువే అనిపించింది నాకు. ఇది కూడా నీకు తెలియాలి.

తిరిగి షోరూముకు వచ్చేసరికి అండాలమ్మ కాచుకుని ఉంది. నీళ్ల మిషన్ దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, గా ఎకరంల నా సీతాఫలం చెట్లున్నయి. ప్రతి శనివారం పోయి ఇంత ఆకుకూర తెంపుకొస్త. గది పోతే నేనేడికి పోవాలె? నా మాట ఇనడు. నువ్వు సదువుకున్నదానివి, నీ మాట ఇంటడు. వద్దని చెప్పు."

నా ఉద్యోగం గుర్తొచ్చింది, నువ్వు గుర్తొచ్చావు. గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లాను. ఆయన కారు చుట్టూ తిరుగుతున్నాడు. నన్ను చూసి ఆగి అడిగాడు.

"నిజం చెప్పు బిడ్డా. గిది గన్ని పైసలు చేస్తదా?"

చెయ్యదని చెప్పాను. చదువుకున్నది ఇందుకే కదా అనిపించింది ఆ క్షణాన. అన్నీ చెప్పాను. మీ కాలనీ స్పీడ్ బ్రేకర్లకు కింద తాకుతుంది సార్. అండాలమ్మ గారికి ఎక్కడం, దిగడం కుదరదు. ఎండకూ దుమ్ముకూ ఏడాదిలో నెల రోజులు కూడా టాప్ తీయలేరు. ఒక్క టైరు మార్చినా మీ పెన్షన్ చాలదు. మీకు ఇది వద్దు సార్, మీకెందుకిది?

ఆయన ముఖం మారిపోయింది.

"మాకు చెయ్యదంటవా, అసలు ఎవ్వలకూ చెయ్యదంటవా?"

"అది కాదు సార్, మీకు..."

"ఆఁ. మాకు."

పక్క కారు చూస్తున్న జంట మా వైపు తిరిగారు. వాళ్లిద్దరూ నల్ల కళ్లద్దాలు నెత్తిమీద పెట్టుకుని ఉన్నారు. ఆయన వాళ్లను చూశాడు, నన్ను చూశాడు, తన చెప్పులు చూసుకున్నాడు.

"మేనేజర్ సాబ్! ఇటు రా జెర. గీ పిల్ల నా మొకానికి కారు వద్దంటున్నది. రాయి కాయిదం."

"ఏందయ్యా, ఇంటికి పోయి మాట్లాడుకుందం పా" అంది అండాలమ్మ.

"నువ్వు సుత గదే అంటవ్. ముప్పై ఏండ్ల సంది అందరు గదే అంటున్నరు. నీకెందుకు, నీకెందుకు!"

అక్కడికక్కడే అడ్వాన్సు చెక్కు రాశాడు.

అన్నా, నాకు తెలిసి ఉండాలి. నలుగురిలో మనిషిని "నీకెందుకు" అంటే ఏమవుతుందో మన ఇంట్లో పుట్టిన నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? "నీ బిడ్డకు సదువెందుకురా" అని దొర తన బంగ్లా దగ్గర పదిమందిలో అన్నందుకే నాయిన తెల్లారి నన్ను బడికి తోలుకుపోయాడని నువ్వే కదా చెప్పావు. అదే మాట నేను యూనిఫారం వేసుకుని, మెడలో కార్డు తగిలించుకుని, నాయిన వయసు మనిషిని అన్నాను.

బండి ఇచ్చే రోజు షోరూములో పెద్ద పండుగలా చేస్తారు. మెరిసే గుడ్డ కప్పుతారు, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి ఇచ్చి ఫొటో తీస్తారు. అప్పటికి ఎకరం అమ్ముడైపోయింది. యాదగిరి సార్ కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు, నాతో మాట్లాడలేదు. అండాలమ్మ కొంగులో నాలుగు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టింది. నేను వంగి సాయం చేస్తుంటే మెల్లగా అంది.

"మూడు ఆదివారాలు సూసిపోయిండు బిడ్డా. నాలుగోదానికి ఆయనకే యాష్టకొచ్చి ఇడిసిపెట్టేటోడు. నా మొగని సంగతి నాకెర్క. నాకే ఓపిక లేక నీకు చెప్పిన. నువ్వు గట్ల చెప్పకుంటే బాగుండు."

నిమ్మకాయ సరిచేస్తూ అక్కడే కూర్చుండిపోయాను.

రెండు వారాల తర్వాత బండి ఎలా ఉందని అడగడానికి ఫోన్ చేయాలి, అది మా పద్ధతి. ఆమే ఎత్తింది. రెండుసార్లు బయటికి తీశారట. రెండోసారి కాలనీ మలుపులో స్పీడ్ బ్రేకర్‌కు కింద గీసుకుపోయిందట. అప్పటినుంచి కవర్ కప్పి పెట్టారు. "శనివారాలు ఏం చేస్తున్నారమ్మా?" అని అడిగాను.

"ఏం జేస్త? గా కవర్ మీద దుమ్ము దులుపుత" అంది.

ఫారంలో "కస్టమర్ సంతృప్తి" అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టాను.

నా ఉద్యోగం పర్మనెంటు అయింది అన్నా. జీతం కూడా పెంచారు. ఇది అమ్మకు చెప్పు, సంతోషిస్తుంది. కిరణ్ సార్ అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. "చూశారా, కొనమని బతిమాలలేదు. వద్దంది! ఇదండీ అమ్మకమంటే!" అన్నాడు. నేను నిజంగానే వద్దన్నానని ఆయనతో చెప్పాను. ఆయన పడీపడీ నవ్వి, "అదేనమ్మా, అంత నిజంగా అనాలి" అన్నాడు. ఇప్పుడు కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలకు ఎలా అనాలో నేర్పమంటున్నాడు. పోయిన శనివారం ఒక డాక్టరు దంపతులు తెల్ల కారు ముందు ఊగిసలాడుతుంటే దూరం నుంచి నాకు సైగ చేశాడు. నేను వెళ్లి, "మీకిది అవసరం లేదేమో సార్" అన్నాను. ఆ కారు వాళ్లకు నిజంగానే అవసరం లేదు. ఆ మాట నిజం చెబుతూ అన్నానో, అమ్ముతూ అన్నానో నాకే తెలియలేదు. వాళ్లు కొన్నారు.

రోజంతా మాట్లాడి వచ్చి హాస్టల్‌లో నోరు విప్పబుద్ధి కావడం లేదు. నా నోటి నుంచి వచ్చే ఏ మాటనూ నమ్మలేకపోతున్నాను. మానేసి వస్తే నువ్వు ఏమీ అనవని తెలుసు. కానీ వేరే ఎక్కడికి వెళ్లినా ఈ నోరే కదా వెంట వచ్చేది.

నిన్న వదిన ఫోన్ చేసి చెప్పింది, నువ్వు పాత ట్రాలీ అమ్మేసి కొత్తది తీసుకోవాలని చూస్తున్నావట. "మీ అన్న నిన్నడగమన్నడు, కొనమంటవా వద్దంటవా?" అంది. తర్వాత చెబుతానన్నాను. నాకు ఒక అభిప్రాయం ఉంది అన్నా. చాలా గట్టిగానే ఉంది. కానీ రాయను. కొను అంటే నా మాట మీద కొంటావు. వద్దంటే, చెల్లెలు కూడా నన్ను ఇంతే అనుకుంటోందని కొంటావు. ఏది రాసినా నీకు బండి అంటగట్టినట్టే అవుతుంది. వదినను అడుగు, మెకానిక్‌ను అడుగు. నన్ను మాత్రం అడగకు.

కోపం తెచ్చుకోకు. వేళకు తిను, బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తకు. అమ్మ కాళ్లకు నా తరఫున మొక్కు. చిన్నికి ముద్దులు, వదినకు నమస్కారం. పక్కింటి మల్లమ్మత్తను అడిగానని చెప్పు. నేను బాగానే ఉన్నాను, నిజంగా బాగానే ఉన్నాను. నీ దీవెన ఒక్కటి పంపు, చాలు.

ఎప్పటికీ నీ చెల్లె,
రజిత