అడిగినదానికంటే ఎక్కువ జీతం

1959, గురువారం రాత్రి. చిలకలూరిపేట.

ఇవాళ పత్తి మిల్లులో కాటా గుమాస్తా పని అడగడానికి వెళ్లాను. యజమాని నా చేతిరాత చూసి, "జీతం ఎంత కావాలి కరీం గారూ?" అని అడిగాడు. గారూ అనగానే నాకు అనుమానం వచ్చింది. ఎలాగూ బేరమాడతాడని, అరవై మనసులో పెట్టుకుని ఎనభై అన్నాను.

"వంద తీసుకోండి. నేను చెప్పిన తూకం రాస్తే చాలు" అన్నాడు.

"కాటా చూపించిన తూకమే కదండీ?"

"రెండూ ఒకటేలెండి" అని కాఫీ తెప్పించాడు.

పాత గుమాస్తా ఎందుకు మానేశాడని అడిగితే, "అతనికి నోరెక్కువ" అన్నాడు.

ఇంటికొచ్చి వంద అనగానే మా ఆవిడ జుబేదా సంతోషంతో పక్కింటికి చెప్పడానికి పరిగెత్తింది. మిగతా సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. రేపు పొద్దున్నే పనిలోకి రమ్మన్నాడు. వెళ్లాలో లేదో ఇంకా తేల్చుకోలేదు. వచ్చేవారం మా అన్నయ్య పత్తి బండి కూడా ఆ కాటా దగ్గరికే వస్తుంది.

ఇప్పుడు పడుకోబోతుంటే ఇంకో మాట గుర్తొస్తోంది. జీతం సంగతి ఎత్తకముందే ఆయన, "మీ ఊరి రైతులు మీ మాట నమ్ముతారా?" అని అడిగాడు.

"కళ్లు మూసుకుని నమ్ముతారండీ" అని గర్వంగా చెప్పాను.