రెండో పేజీ

జార్జి టౌన్,
చెన్నై.

మంగళక్కకు,

ఫోన్లో మాట్లాడితే అత్తయ్య వింటుందని ఉత్తరం రాస్తున్నాను. ఆపరేషన్ అయి పన్నెండు రోజులైంది. కుట్లు మానుతున్నాయి. గోడ పట్టుకుని బాత్‌రూం దాకా నడుస్తున్నాను.

గర్భసంచి తీసెయ్యడం తప్ప వేరే దారి లేదని డాక్టరమ్మ అన్నట్టు నీకూ, ఆయనకూ చెప్పాను. అది అబద్ధం. ఆయన మందులకని కిందికి వెళ్లినప్పుడు ఆమె నాకు రెండు దారులు చెప్పింది. సంచిలో ఉన్న గడ్డలు మాత్రమే తీస్తే సంచి మిగులుతుంది, బిడ్డ మీద కొంచెం ఆశ ఉంటుంది, కానీ గడ్డలు మళ్లీ రావచ్చు అంది. సంచే తీసెయ్యమన్నాను. నాలుగేళ్లుగా నెలకు పదిహేను రోజులు రక్తం పోతూనే ఉంది. రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఆశపడే ఓపిక నాకు లేకపోయింది.

నిన్న ఆయన నా తల దువ్వుతూ, "డాక్టరే వేరే దారి లేదన్నాక నువ్వేం చేస్తావు? ఏడవబాక. నువ్వుండావు, నాకది చాలు" అన్నారు. ఆ మాట ముందే అని ఉంటే నేనేం చేసేదాన్నో తెలియదు.

ఆదివారం నువ్వు వస్తే, టీచరువని ఇంగ్లీషులో ఉన్న ఆస్పత్రి కాగితాలు ఆయన నీ చేతికిచ్చి చదివి చెప్పమంటారు. రెండు దారులూ చెప్పినట్టు, నేను సంచి తీసెయ్యడమే కోరుకున్నట్టు రెండో పేజీలో రాసి ఉంది. దాన్ని చదవకుండా తిప్పెయ్యి. ఆయన పట్టుబడితే మాత్రం అబద్ధం చెప్పొద్దు. నన్ను పక్కగదిలోకి పంపి, ఆ తర్వాత చదువు.

నీ చెల్లెలు